సౌరేతర గ్రహములు: అనుమాన ప్రమాణము, జీవాస్తిత్వ విచారము

1. పదవిచారము

"గ్రహము" అను శబ్దమునకు జ్యోతిష సంప్రదాయమున నున్న అర్థము వేరు. ఆధునిక ఖగోళశాస్త్రమున నున్న అర్థము వేరు. నవగ్రహములలో సూర్యచంద్రులు చేరుదురు, రాహుకేతువులును చేరుదురు. మనము నివసించు భూమి మాత్రము చేరదు. ఆధునిక శాస్త్రమున సూర్యుడు నక్షత్రము, చంద్రుడు భూమికి ఉపగ్రహము, భూమి గ్రహము. రాహుకేతువులు చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులు మాత్రమే. శబ్దము నిలిచినది, అర్థము మారినది. ఇట్టి అర్థవిపరిణామము భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితమైనదే.

సూర్యుని గాక తక్కిన నక్షత్రములను చుట్టి తిరుగు గ్రహములకు తెలుగున "బహిర్గ్రహములు" అనియు "సౌరేతర గ్రహములు" అనియు రెండు పేర్లు వాడుకలో నున్నవి. వీనిలో మొదటిది క్లుప్తమైనదే. కాని గురుడు, శని మొదలగు సౌరకుటుంబపు దూరగ్రహములను "బాహ్యగ్రహములు" అని వ్యవహరించుట కలదు కావున అది సందేహమునకు తావిచ్చును. రెండవ పేరునకు అట్టి చిక్కు లేదు. అందుచే ఈ వ్యాసమున దానినే స్వీకరించితిని.

2025 సెప్టెంబరు నాటికి నిర్ధారితములైన సౌరేతర గ్రహముల సంఖ్య 6,000 దాటినది. వీనిలో నేరుగా చూడబడినవి, అనగా తమ నక్షత్రమునుండి వేరుపడిన కాంతిబిందువులుగా దూరదర్శినులకు చిక్కినవి, నూటికి రెండైనను లేవు. తక్కినవన్నియు పరోక్షములు, ఏదో యొక హేతువును బట్టి ఊహింపబడి, పరీక్షింపబడి, పిమ్మట అంగీకరింపబడినవి. కావున సౌరేతర గ్రహముల చరిత్ర ప్రధానముగా అనుమాన ప్రమాణపు చరిత్ర. ఆ ప్రమాణము ఎచ్చట తప్పినదో, ఏ విధమున బలపడినదో తెలిసికొన్నగాని "ఇతర గ్రహములపై జీవము కలదా?" అను ప్రశ్నకు నేడు వచ్చుచున్న సమాధానములను తూచుటకు వీలు లేదు. ఈ రెంటికిని గల సంబంధమును చూపుటయే ఇచ్చటి ఉద్దేశము.

2. చెన్నపట్టణపు వేధశాల

కొలతలను ఆధారముగా గొని సౌరేతర గ్రహము కలదని పలికిన తొలి ప్రతిపాదనలలో ఒకటి దక్షిణ భారతమునందే పుట్టినది. ఈస్టిండియా కంపెనీవారు చెన్నపట్టణమున నడపిన వేధశాలకు అధికారిగా నుండిన విలియం స్టీఫెన్ జేకబ్ 1855లో 70 ఒఫియూకి అను జంట నక్షత్రమును గూర్చి ఒక విశేషమును ప్రకటించెను. ఆ రెండు నక్షత్రములు ఒకదానినొకటి చుట్టివచ్చుటకు దాదాపు 88 సంవత్సరములు పట్టును. గణితము చెప్పిన స్థానమునకును, దూరదర్శినిలో కనబడిన స్థానమునకును స్వల్పభేదము జేకబునకు గోచరించెను. కంటికి కనబడని గ్రహమొకటి అచ్చట నుండి నక్షత్రమును లాగుచున్నదని భావించినచో ఆ భేదము సమన్వయించును. ఈ ఊహ ఆనాడు వింతగా తోచదగినది కాదు. అంతకు తొమ్మిదేండ్లకు పూర్వము, 1846లో, యురేనసు గమనమునందలి తేడాలను బట్టియే నెప్ట్యూను గ్రహమును కనుగొనియుండిరి. ఐనను జేకబ్ తన మాటను నిశ్చయముగా గాక, మిక్కిలి సంభావ్యమైన విషయముగా మాత్రమే చెప్పెను.

1890 ప్రాంతపు దశకమున అమెరికా ఖగోళజ్ఞుడు టి. జె. జె. సీ అదే జంటలో కనబడని మూడవ వస్తువు కలదని మరింత గట్టిగా ప్రకటించెను. 1899లో ఫారెస్ట్ రే మోల్టన్ అట్టి మూడవ వస్తువు అచ్చట స్థిరముగా తిరుగజాలదని గణితముచే నిరూపించెను. నేటివరకు ఆ జంటయందు గ్రహమేదియు నిర్ధారితము కాలేదు. ఆ స్వల్పభేదములు కొలతలలోని లోపములే.

ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి ఇందలి దోషము వెంటనే స్ఫురించును. పొగ యున్నచోట నిప్పుండును. కావున కొండపై పొగను చూచి నిప్పును ఊహించుట సాధువైన అనుమానము. నిప్పును చూచి పొగను ఊహించుట మాత్రము సాధువు కాదు. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు కలదు, పొగ లేదు. నిప్పునుండి పొగ పుట్టుటకు తడికట్టెల సంబంధము కావలెను. ఇట్టి అదనపు నియమమునకే శాస్త్రకారులు "ఉపాధి" అని పేరిడిరి. నక్షత్రస్థానము చలించినది, కావున గ్రహము కలదు అను వాక్యమునందును ఉపాధి యొకటి దాగియున్నది: కొలుచు సాధనము చలింపకుండవలెను. ఆ ఉపాధిని గుర్తించుటకు ఖగోళశాస్త్రమునకు మరియొక శతాబ్దము పట్టినది.

3. బర్నార్డ్ నక్షత్రము నేర్పిన పాఠము

సూర్యునికి అతి సమీపముననున్న నక్షత్రములలో బర్నార్డ్ నక్షత్రము ఒకటి. దాని దూరము సుమారు 6 కాంతి సంవత్సరములు. అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాలకు చెందిన స్ప్రౌల్ వేధశాలలో పీటర్ వాన్ డి కాంప్ 1938 మొదలుకొని ఈ నక్షత్రమును ఛాయాఫలకములపై చిత్రించుచు వచ్చెను. పాతికేండ్ల పరిశ్రమలో అట్టి ఫలకములు రెండువేలకు పైగా పోగుపడినవి. 1963లో అతడు ఆ నక్షత్రము సుమారు 24 ఏండ్లకొక పర్యాయము ఊగుచున్నదనియు, దానికి కారణము గురునికంటె పెద్దదైన గ్రహమనియు ప్రకటించెను. పదేండ్లపాటు పాఠ్యగ్రంథములు సయితము ఆ మాటను అంగీకరించినవి.

1973లో జార్జ్ గేట్‌వుడ్, హైన్రిక్ ఐఖ్‌హార్న్ అను వారు వేరు వేధశాలల ఫలకములను కొలిచిచూడగా ఆ ఊగిసలాట కనబడలేదు. అదే కాలమున వాన్ డి కాంప్ వేధశాలయందే పనిచేసిన జాన్ హెర్షీ మరియొక సంగతిని బయటపెట్టెను. అదే దూరదర్శినితో చిత్రింపబడిన వేరొక నక్షత్రమును అదే రీతిగా ఊగినట్లు కానవచ్చుచున్నది. ఆ మార్పులు దూరదర్శిని కటకమును సవరించిన కాలములతో సరిపోవుచున్నవి. ఊగినది నక్షత్రము కాదు, సాధనము. కాంప్ చూపిన సహనమునకుగాని నిజాయితీకిగాని లోపము లేదు. ఒకే సాధనమును నమ్ముకొనుటయే అచ్చటి లోపము.

ఈ నక్షత్రపు కథ అంతటితో ముగియలేదు. 2018లో మరియొక బృందమువారు 233 దినములకొకసారి దానిని చుట్టివచ్చు గ్రహము కలదని ప్రకటించిరి. 2021 నాటికి అదియును నక్షత్రపు ఉపరితల చాంచల్యమువలన కలిగిన భ్రాంతియని తేలినది. తుదకు 2024 అక్టోబరులో చిలీ దేశమందలి మహాదూరదర్శినులతో చేసిన పరిశీలనలవలన 3 దినములకు కొంచెము పైగా పట్టు కక్ష్యలో తిరుగు చిన్న గ్రహమొకటి కనుగొనబడినది. దాని ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశిలో సగమునకు లోపు. 2025లో వేరొక బృందము వేరొక సాధనముతో దానిని ధ్రువపరచి, మొత్తము నాలుగు చిన్న గ్రహములు కలవని చూపినది. బర్నార్డ్ నక్షత్రమునకు గ్రహములు కలవను వాక్యము 1963లోను సత్యమే. కాని ఆనాడు చూపిన హేతువు సత్యము కాదు. సాధ్యము నిజమైనంత మాత్రమున హేతువు సాధువు కానేరదను న్యాయమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు.

4. 1992 జనవరి సభ

తొలి సౌరేతర గ్రహములు మనము ఎదురుచూచిన చోట దొరకలేదు. పెద్ద నక్షత్రము పేలిపోయిన పిమ్మట మిగులు సాంద్రమైన శేషము తన చుట్టు తాను వడిగా తిరుగుచు, గడియారమువలె క్రమము తప్పక రేడియో స్పందనములను వెలువరించును. దీనికి పల్సారు అని పేరు. దానిచుట్టు గ్రహమేదైన తిరుగుచున్నచో, పల్సారు ఒకసారి మనవైపు జరిగి స్పందనములు కొంచెము ముందుగాను, మరియొకసారి ఆవలికి జరిగి కొంచెము ఆలస్యముగాను చేరును.

1991లో ఇంగ్లండునందు ఆండ్రూ లైన్, అతని సహచరులు అట్టి తేడాను ఒక పల్సారునందు చూచి, ఆరుమాసముల కక్ష్యగల గ్రహము దొరకినదని ప్రకటించిరి. ఆరుమాసములనగా భూమి సూర్యుని చుట్టుటకు పట్టు కాలములో సరిగా సగము. ఈ సామ్యమే సందేహమునకు మూలమైనది. లైన్ తన గణితమును తిరిగి పరీక్షించి, ఆకాశమున పల్సారు స్థానమును కొద్దిగా తప్పుగా గ్రహించుటచే భూగమనపు ప్రభావము పూర్తిగా తొలగింపబడలేదని తెలిసికొనెను. గ్రహముగా తోచినది మన భూమియొక్క నీడయే. 1992 జనవరిలో అట్లాంటా నగరమున జరిగిన అమెరికా ఖగోళసంఘ సమావేశమున అతడు స్వయముగా నిలిచి తన ప్రతిపాదనను ఉపసంహరించుకొనెను. సభాసదులు లేచి నిలిచి కరతాళధ్వనులతో అతనిని గౌరవించిరి.

అదే సభలో అలెగ్జాండర్ వోల్ష్చాన్ మరియొక పల్సారును గూర్చి ప్రసంగించెను. అతడును డేల్ ఫ్రెయిలును కలిసి, పోర్టోరికో ద్వీపమందలి ఆరెసీబో రేడియో దూరదర్శిని సాయముతో, సుమారు 66 దినముల కక్ష్యయు 98 దినముల కక్ష్యయు గల రెండు గ్రహములను కనుగొనియుండిరి. భూమి సంవత్సరముతో ఆ సంఖ్యలకు పొత్తు లేదు. పల్సారు స్థానమును వేరొక రేడియో దూరదర్శినీ సముదాయముతో ముందుగనే నిర్ణయించియుండిరి. లైన్ అనుమానమును చెరచిన ఉపాధి ఇచ్చట తొలగింపబడినది. ఈ రెండు గ్రహములును నేటికిని నిలిచియున్నవి. 1994లో మూడవ గ్రహము వానితో చేరినది.

5. సూర్యునివంటి నక్షత్రము; రెండు ప్రమాణముల కలయిక

పల్సారు మృతనక్షత్రము. సూర్యునివంటి సజీవనక్షత్రమును చుట్టు గ్రహమును 1995లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ కనుగొనిరి. దీనికి వారు గైకొన్న మార్గము వర్ణపట పరీక్ష. రైలుబండి మనవైపు వచ్చునపుడు దాని కూత హెచ్చుస్థాయిలో వినబడి, దూరముగా పోవునపుడు తగ్గుస్థాయిలో వినబడును. కాంతియు అట్టిదే. నక్షత్రము మనవైపు జరిగినపుడు దాని వర్ణపటమందలి రేఖలు నీలపు కొనవైపును, ఆవలికి పోయినపుడు ఎరుపు కొనవైపును జరుగును. గ్రహము నక్షత్రమును లాగుటవలన కలుగు ఈ చలనము అత్యల్పము. గురుని ప్రభావముచే సూర్యుడు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగముతోను, భూమి ప్రభావముచే సుమారు 9 సెంటీమీటర్ల వేగముతోను మాత్రమే కదలును. మేయర్, క్వెలోజులు ఫ్రాన్సునందలి ఓట్ ప్రోవాన్స్ వేధశాలలో 51 పెగాసి అను నక్షత్రమున సెకనుకు 50 మీటర్లకు మించిన చలనమును కనుగొనిరి. ఆ చలనము 4.23 దినములకొకసారి తిరిగి వచ్చుచుండెను.

ఈ సంఖ్య వారినే కలవరపెట్టినది. గురునిలో సగమునకు దగ్గరైన ద్రవ్యరాశిగల గ్రహము, భూమికిని సూర్యునికిని గల దూరములో ఇరువదవ వంతు దూరమున తిరుగుట ఆనాటి సిద్ధాంతములకు సరిపడదు. గొప్ప గ్రహములు నక్షత్రమునకు దవ్వుననే పుట్టునని శాస్త్రజ్ఞులు తలచియుండిరి. దగ్గరి కక్ష్యలలోను పెద్దగ్రహములను వెదకవచ్చునని 1952లోనే ఆటో స్ట్రూవ్ సూచించెను గాని ఆ మాటను పాటించినవారు తక్కువ. మేయర్, క్వెలోజులు వెంటనే ప్రకటింపక, ఆ నక్షత్రము తిరిగి రాత్రివేళ కనబడు కాలమువరకు వేచిరి. తమ గణితము ప్రకారము ఏ రాత్రి ఏ వేగము కనబడవలెనో ముందుగా లెక్కించి, 1995 జూలైలో కొలిచిచూచిరి. గణితము నిజమైనది. అక్టోబరులో ఫ్లారెన్సు సభలో ప్రకటనము జరిగిన కొలది దినములకే అమెరికాలో జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ వేరు సాధనముతో దానిని ధ్రువపరచిరి. మేయర్, క్వెలోజులకు 2019లో నోబెల్ బహుమానమున సగభాగము లభించినది.

అంతటితో సంశయము తీరలేదు. 1997లో డేవిడ్ గ్రే ఆ రేఖల ఆకారమే మారుచున్నదనియు, కదలునది నక్షత్రము కాక దాని ఉపరితలమై యుండవచ్చుననియు వాదించెను. మరింత సూక్ష్మమైన కొలతలు లభింపగా 1998లో తన వాదమును తానే విడిచెను. పూర్తి నిర్ణయము 1999లో వేరొక మార్గమున వచ్చినది. హెచ్‌డి 209458 అను నక్షత్రమునకు గ్రహము కలదని వర్ణపటపరీక్ష చెప్పినది. ఆ గ్రహము నక్షత్రబింబమునకు అడ్డువచ్చినచో కాంతి కొంచెము తగ్గవలెను. డేవిడ్ షార్బొనో మొదలగువారును, గ్రెగరీ హెన్రీ మొదలగువారును విడివిడిగా ఆ నక్షత్రమును కనిపెట్టి చూచిరి. గణితము చెప్పిన వేళకే కాంతి నూటికి ఒకటిన్నర పాలు తగ్గి, మరల యథాస్థితికి వచ్చినది. ఒకే వస్తువును వేర్వేరు ప్రమాణములు వేర్వేరు దారుల వచ్చి చూపుటను న్యాయశాస్త్రమున "ప్రమాణసంప్లవము" అందురు. సౌరేతర గ్రహశాస్త్రము సందేహములకు అతీతమైనది ఈ సంప్లవముతోనే.

6. ఛాయామార్గము, గ్రహముల స్వరూపము

గ్రహము నక్షత్రమునకు అడ్డువచ్చుటచే కలుగు కాంతిక్షయమును బట్టి గ్రహములను వెదకుట పిమ్మట ముఖ్యమార్గమైనది. దీని పరిమితులు స్పష్టములు. భూమివంటి గ్రహము సూర్యునివంటి నక్షత్రమునకు అడ్డువచ్చినచో కాంతి పండ్రెండువేలలో ఒక పాలు మాత్రమే తగ్గును. అంతేగాక, గ్రహకక్ష్య మన దృష్టిరేఖలో నుండినగాని అది అడ్డురాదు. భూమివంటి కక్ష్యకు అట్లు జరుగుట రెండు వందలలో ఒకటికి మించదు. కావున లక్షల నక్షత్రములను ఒక్కమారే చూచుచుండవలెను. 2009 మార్చిలో ప్రయోగింపబడిన కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని ఈ పనియే చేసి, 2018లో ఇంధనము తీరి ఆగిపోయినది. దాని పరిశీలనలవలన నిర్ధారితములైన గ్రహములు 2,600కు పైబడినవి. 2018లో ఎగిరిన టెస్ అను ఉపగ్రహము సమీప నక్షత్రములను అదేవిధమున శోధించుచు వచ్చినది.

వర్ణపటమార్గము గ్రహపు ద్రవ్యరాశిని తెలుపును. ఛాయామార్గము దాని వ్యాసార్ధమును తెలుపును. రెండును లభించినచో సాంద్రత సిద్ధించును. సాంద్రతవలన అది రాతిగోళమా, వాయుగోళమా యని ఊహింపవచ్చును. భారతదేశమున జరిగిన కృషి దీనికి ఉదాహరణము. కెప్లరు చూపిన ఒక కాంతిక్షయమును ఆధారముగా గొని, అహమ్మదాబాదునందలి భౌతిక పరిశోధనాలయమువారు ఆబూ పర్వతముపై నెలకొల్పిన పారస్ అను వర్ణపటసాధనముతో ఆ నక్షత్రచలనమును కొలిచి, 2018లో ఒక గ్రహమును నిర్ధారించిరి. దాని ద్రవ్యరాశి భూమికి సుమారు 27 రెట్లు; వ్యాసార్ధము సుమారు 6 రెట్లు; సంవత్సరము మన 19 దినములకు పైచిలుకు. వ్యాసార్ధము 6 రెట్లైనచో ఘనపరిమాణము 216 రెట్లగును. అంత విరివిలో 27 భూముల ద్రవ్యము మాత్రమే కలదు కావున దాని సగటు సాంద్రత నీటికంటెను తక్కువ. ఆ గ్రహమును ఎవ్వరును చూడలేదు. ఐనను ఇంతవరకు చెప్పగలుగుచున్నాము.

7. "నివాసయోగ్యము" అను మాట

జీవవిచారమునకు వచ్చునపుడు మొదట ఎదురగు చిక్కు శబ్దసంబంధమైనదే. ఉపరితలమున నీరు ద్రవరూపమున నిలుచుటకు తగిన వేడి లభించు దూరమును "నివాసయోగ్య మండలము" అనుచున్నారు. ఈ మాటను వినిన పాఠకుడు అచ్చట నివాసమునకు వసతి కలదనియే భావించును. వాస్తవమునకు అది దూరమును మాత్రమే చెప్పును. వాయుమండలమును గూర్చిగాని, నీటిని గూర్చిగాని ఏమియు చెప్పదు. మన చంద్రుడు సూర్యుని నివాసయోగ్య మండలమునందే కలడు. అచ్చట గాలి లేదు, పారు నీరు లేదు, జీవము లేదు. కావున దీనిని "ద్రవజల మండలము" అని వ్యవహరించుట మేలని నా యభిప్రాయము.

మనకు అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరముల దూరమున కలదు. 2016లో దానిని 11 దినములలో చుట్టివచ్చు గ్రహము కనుగొనబడినది. దాని కనిష్ఠ ద్రవ్యరాశి భూమికి దగ్గరగా నున్నది. అది ద్రవజల మండలమునందే యున్నది. కాని ఆ ఎర్రని చిన్న నక్షత్రము తరచుగా భయంకరములైన జ్వాలలను వెలిగ్రక్కును. ఆ జ్వాలలకు గ్రహపు వాయుమండలము తాళగలదా అనునది ప్రధానప్రశ్న. 2017లో సుమారు 40 కాంతి సంవత్సరముల దూరముననున్న ట్రాపిస్ట్-1 అను నక్షత్రమునకు భూమిపాటి గ్రహములు ఏడు కలవని వెల్లడియైనది. 2021 డిసెంబరులో ప్రయోగింపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని వీనిలో లోపలి రెండు గ్రహముల వేడిమిని కొలువగా, మొదటిదానికి చెప్పదగిన వాయుమండలము లేదనియు, రెండవదానికి దట్టమైన కార్బన్ డై ఆక్సైడు పొర లేదనియు 2023లో తేలినది. పరిమాణమున భూమివంటివైనంత మాత్రమున అవి భూమివంటివి కావు.

8. వాయువులు హేతువులగునా?

గ్రహము నక్షత్రమునకు అడ్డువచ్చునపుడు, నక్షత్రకాంతిలో స్వల్పభాగము గ్రహపు అంచునందలి పలుచని వాయుపొర గుండ ప్రసరించి మనలను చేరును. ఆ వాయువులు తమకు తగిన వర్ణములను హరించును. దీనిని బట్టి వాయువుల పేర్లు తెలియును. జేమ్స్ వెబ్ దూరదర్శినితో 2022లో వాస్ప్-39 బి అను పెద్ద గ్రహమున కార్బన్ డై ఆక్సైడు స్పష్టముగా కనుగొనబడినది. ఇంతవరకు వివాదము లేదు. వాయువునుండి జీవమును ఊహించుటయందే చిక్కు కలదు.

ఇందుకు నేటి ముఖ్యోదాహరణము కె2-18 బి. ఇది 124 కాంతి సంవత్సరముల దూరమున, ద్రవజల మండలమున, 33 దినముల కక్ష్యలో తిరుగుచున్నది. ద్రవ్యరాశి భూమికి దాదాపు 8 నుండి 9 రెట్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు నిక్కు మధుసూదన్ నాయకత్వమున ఒక బృందము 2023లో ఈ గ్రహమున మీథేను, కార్బన్ డై ఆక్సైడు కలవని ప్రకటించి, డైమిథైల్ సల్ఫైడు అను పదార్థపు జాడ లేశమాత్రముగా కలదని సూచించినది. భూమిపై ఈ పదార్థము ప్రధానముగా సముద్రమందలి సూక్ష్మజీవులవలన పుట్టును. సముద్రతీరపు వాసనలో దీనికి పాలు కలదు. 2025 ఏప్రిలులో అదే బృందము వేరు వర్ణములలో చేసిన పరీక్షలో ఆ జాడ మరింత బలముగా కనబడినదని చెప్పెను. ఆ సంకేతము కేవలము యాదృచ్ఛికముగా కనబడు అవకాశము వారి లెక్క ప్రకారము వేయింట మూడు వంతులు. ఆవిష్కారమని నిశ్చయముగా పలుకుటకు శాస్త్రలోకము కోరు ప్రమాణము దీనికంటె ఎంతయో కఠినమైనది. ఆ సంగతిని ఆ బృందమువారే చెప్పిరి. పలు దేశముల పత్రికలు మాత్రము ఆ జాగ్రత్తను శీర్షికలలో చూపలేదు.

ఈ అనుమానమునందు మూడు మెట్లు కలవు. సంకేతము నిజముగా కలదా? సంకేతము ఆ పదార్థమునదేనా? ఆ పదార్థము జీవమువలననే పుట్టినదా? మొదటి రెండు మెట్లయందే అభ్యంతరములు వచ్చినవి. అవే కొలతలను వేరు పద్ధతులతో విశ్లేషించిన ఇతరులకు సంకేతము తగినంత బలముగా కనబడలేదు. వేరు పదార్థములును ఆ కొలతలకు పొసగునని కొందరు చూపిరి. మూడవ మెట్టు మరింత జారుడుగా నున్నది. రోసెట్టా అంతరిక్షనౌక 67పి అను తోకచుక్కవద్ద సేకరించిన కొలతలలో డైమిథైల్ సల్ఫైడు కలదని 2024లో వెల్లడియైనది. తోకచుక్కపై సముద్రము లేదు, జీవులు లేవు. అదే సంవత్సరమున ప్రయోగశాలలో వాయుమిశ్రమముపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసినపుడును ఆ పదార్థము పుట్టినది. కావున పదార్థము జీవమునకు వ్యాప్యము కాదు. జీవము లేనిచోటను అది కలదు. తర్కపరిభాషలో ఇట్టి హేతువు వ్యభిచరించుచున్నది.

ప్రాణవాయువు విషయమునను ఇదే మెలకువ వలయును. భూమిపై అది చెట్టుచేమలవలన, సూక్ష్మజీవులవలన నిలిచియున్నది. కాని తీవ్రమైన నక్షత్రకాంతి నీటి ఆవిరిని విడగొట్టి, తేలికైన హైడ్రోజను అంతరిక్షమునకు ఎగిరిపోయినచో, జీవప్రసక్తి లేకయే ప్రాణవాయువు మిగులవచ్చును.

9. భూమినే పరీక్షించిన ప్రయోగము

మరి సాధువైన హేతువు ఎట్టిది? దీనిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు జీవము తప్పక కలదని తెలిసిన ఏకైక గ్రహమునే పరీక్షించిరి. 1989లో గురుగ్రహమునకు బయలుదేరిన గెలీలియో నౌక 1990 డిసెంబరులో వేగము పుంజుకొనుటకై భూమి సమీపముగా పోవలసి వచ్చినది. కార్ల్ సేగన్, అతని సహచరులు ఆ నౌకయందలి సాధనములను భూమివైపు త్రిప్పి, భూమిని గూర్చి ముందుగా ఏమియు తెలియనివారివలె విచారించి, 1993లో ఫలితములను ప్రచురించిరి. వారికి వాయుమండలమున విస్తారముగా ప్రాణవాయువు కనబడినది. దానితోపాటు మీథేనును కనబడినది. ఈ రెండును ఒకచోట చిరకాలము కలిసియుండజాలవు. ఒకటి రెండవదానిని నశింపజేయును. రెండును నిలిచియున్నచో రెంటిని ఎడతెగక పుట్టించుచున్నది ఏదియో కలదని అర్థము. ఇంతేగాక భూభాగములపై ఎర్రని కాంతిని విశేషముగా హరించు వర్ణద్రవ్యము కనబడినది; అది ఆకుపచ్చదనము. కృత్రిమమని స్పష్టమగు రేడియో సంకేతములును వినబడినవి.

ఈ హేతువులలో ఏ యొక్కటియు ఒంటరిగా జీవమును పూర్తిగా సాధింపలేదు. సాధించినది వాని సంప్లవము. 1995 నాటి గ్రహమును 1999 నాటి ఛాయ బలపరచినట్లే, రేపు ఏ గ్రహముపైనైన జీవము కలదని నిశ్చయింపవలెనన్నచో పరస్పరాశ్రయము లేని హేతువులు ఒకచోట కలియవలెను. జీవేతర కారణములు ఒక్కొక్కటిగా తొలగింపబడవలెను. వేరు సాధనములతో వేరు బృందములు అదే మాట చెప్పవలెను. ఇప్పటివరకు అట్టి స్థితి ఏ సౌరేతర గ్రహము విషయమునను సిద్ధింపలేదు. అట్లని జీవము లేదనియు చెప్పుటకు వీలు లేదు. కనబడకుండుట వేరు, లేకుండుట వేరు; చూడదగిన సాధనముండియు కనబడనపుడు మాత్రమే అభావము నిశ్చితమగును. మన సాధనములు భూమివంటి చిన్న గ్రహపు వాయుమండలమును చూచుట ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నవి.

10. ఉపసంహారము

2019లో అంతర్జాతీయ ఖగోళసంఘము ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క నక్షత్రమునకును దాని గ్రహమునకును పేరిడు అవకాశము నొసగినది. భారతదేశమునకు వచ్చిన నక్షత్రము హెచ్‌డి 86081. దానికి విశ్వకిరణ పరిశోధకురాలైన విభా చౌధురి పేరుమీదుగా "విభ" అని పేరు పెట్టబడినది. రెండు దినములకు కొంచెము పైగా పట్టు కక్ష్యలో దానిని చుట్టివచ్చు పెద్ద గ్రహమునకు "సంతమసము" అని పేరు పెట్టబడినది. గ్రహముపై మేఘములు క్రమ్మియుండవచ్చునను భావముతో ఆ పేరును ఎన్నుకొనిరి. అమరకోశమును చదివినవారికి ఆ శబ్దపు అసలైన అర్థము తెలియును: అంతటను వ్యాపించిన చీకటి. కాంతియని అర్థమిచ్చు నక్షత్రము ప్రక్కన చీకటియని అర్థమిచ్చు గ్రహము. పేరు పెట్టినవారు మేఘములను తలచినను, శబ్దము మన జ్ఞానస్థితిని గూడ చెప్పుచున్నది. ఈ శాస్త్రమున కాంతి నక్షత్రమునది. గ్రహము ఆ కాంతిలో కలుగు లోటుగానే మనకు తెలియును.

పాఠశాలలోగాని కళాశాలలోగాని ఈ విషయమును బోధించు ఉపాధ్యాయుడు మూడు మాటలను వేరు వేరుగా నిలుపవలెను: "కనుగొనబడిన గ్రహము", "ద్రవజల మండలమందలి గ్రహము", "జీవసహిత గ్రహము". మొదటివి వేలు, రెండవవి కొన్ని, మూడవది మనకు తెలిసినంతలో ఒక్కటే. రెండవదానిని మూడవదానితో కలిపి పలుకునట్టి తెలుగు వాక్యము వ్యాకరణదృష్ట్యా సాధువు కావచ్చును గాని, అర్థదృష్ట్యా అసత్యము. ఈ ఎచ్చరిక ఉత్సాహమును చల్లార్చుటకు కాదు. జీవము దొరకినదని తొందరపడి పదిసార్లు చెప్పినచో, నిజముగా దొరకిననాడు పదునొకండవ మాటను నమ్మువారుండరు. ఆరువేల గ్రహములను మనము నేడు నిస్సంశయముగా నమ్ముచున్నామన్నచో, అట్లాంటా సభలో నిలిచి తన గ్రహము లేదని చెప్పిన శాస్త్రజ్ఞునికిని, తన వాదమును తానే విడిచిన గ్రేకును, కటకమును అనుమానించిన హెర్షీకిని అందు భాగము కలదు. జీవవిషయమునను మనకు కావలసినది అట్టివారి ఋజుత్వమే.